‘పర్మిషన్ డినైడ్’ అంటే... ముందు ఏం చూస్తారు?

లైనక్స్ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ‘మన సర్వర్లో ఒక యూజర్‌కు ఫైలు తెరుచుకోవడం లేదు. స్క్రీన్ మీద పర్మిషన్ డినైడ్ అని వస్తోంది. మీరైతే ఏం చేస్తారు?’

చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు: ‘సీహెచ్‌మాడ్ 777 కొట్టేస్తా సార్.’

ఫైలు తెరుచుకుంటుంది, అబద్ధం కాదు. తాళంచెవి దొరకలేదని తలుపు పీకేసినా ఇంట్లోకి వెళ్లొచ్చు. కానీ ఆ రాత్రి ఇంట్లో ఏం మిగులుతుందో చెప్పలేం. బోర్డులో కూర్చున్నవాళ్లు వినాలనుకునేది ఆ కమాండ్ కాదు, దానికి ముందు మీరు ఏమేం చూస్తారన్నది. ఎందుకు ఆగిందో కనుక్కున్నాకే చెయ్యి పెట్టే అభ్యర్థి ఎవరా అని వాళ్లు వెతుకుతారు.

కడపలో కేఎస్‌ఆర్‌ఎం, పులివెందులలో జేఎన్‌టీయూ, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ... జిల్లాలో కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లకు కొదవ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు అందరూ చదివినవాళ్లే. అయితే పరీక్ష కోసం చదివేది డెడ్‌లాకులు, పేజింగ్, షెడ్యూలింగ్. యూజర్ అకౌంట్లు, ఫైల్ పర్మిషన్లు ల్యాబ్ రికార్డులో ఓ పేజీతో సరి. చదువయ్యాక బెంగళూరు మారతహళ్లికో, హైదరాబాద్ అమీర్‌పేటకో బస్సెక్కి, ఫీజు కట్టి, హాస్టల్లో ఉండి లైనక్స్ అడ్మిన్ కోర్సులో చేరితే మొదట్లో చెప్పేది ఇదే. ఈ పాఠం వరకైతే కడపలో ఇంట్లో కూర్చుని, పాత ల్యాప్‌టాప్ మీద నేర్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

ఒక చిన్న మాట. ఇక్కడ కమాండ్లను పలికే తీరులోనే రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ విషయం చెబుతాం.

పేరు కాదు, నంబరు

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ పని మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటర్ అంటే ఒక్కటే యంత్రం, దాని చుట్టూ పదిమంది. ఒకరి ఫైలు ఇంకొకరు చెరపకుండా చూడటం మొదటి నుంచీ తప్పని అవసరం. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ రాసినప్పుడూ ఇదే పద్ధతి తీసుకున్నాడు. ఇవాళ మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల కూడా లైనక్స్ కెర్నల్ ఉంది. అక్కడ ఒక్కో యాప్‌కు ఒక్కో యూజర్ నంబరు ఇచ్చి, ఒకదాని ఫైళ్లు ఇంకోటి చూడకుండా ఆపుతారు.

నంబరు అన్నాం కదా, అసలు కీలకం అక్కడే ఉంది. కెర్నల్‌కు మీ పేరుతో పనిలేదు. దానికి తెలిసింది యూఐడీ, జీఐడీ అనే అంకెలే. రూట్‌కు 0. మామూలు యూజర్లకు ఇప్పటి లైనక్సుల్లో 1000 నుంచి మొదలవుతాయి. ఈటీసీ డైరెక్టరీలో ఉండే పాస్‌డబ్ల్యూడీ ఫైలు ఒక చిట్టా లాంటిది. ఒక్కో యూజర్‌కు ఒక్కో వరుస, వరుసలో ఏడు గళ్లు: పేరు, పాస్‌వర్డ్ గడి, యూఐడీ, జీఐడీ, వివరాలు, హోమ్ డైరెక్టరీ, షెల్. పాస్‌వర్డ్ గడిలో ఇప్పుడు ఎక్స్ అనే అక్షరం తప్ప ఏమీ ఉండదు. అసలు హాష్ పక్కనే షాడో అనే మరో ఫైల్లో ఉంటుంది. దాన్ని మామూలు యూజర్లు చదవలేరు.

ఇది తెలిస్తే ఒక విచిత్రమైన ఫిర్యాదు అర్థమవుతుంది. ఉద్యోగి ఒకరు మానేశారు. అడ్మిన్ ఆ అకౌంట్ తీసేశాడు, ఫైళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొడితే యజమాని పేరు ఉండాల్సిన చోట 1003 అని వస్తోంది. ఆ నంబరుకు ఇప్పుడు పేరు లేదన్నమాట. వారం తర్వాత చేరిన కొత్త ఉద్యోగికి అదే 1003 దక్కిందనుకోండి. పాత ఉద్యోగి ఫైళ్లన్నీ ఇతని సొంతమైపోతాయి! జీతాల లెక్కలు ఉన్నా సరే. అందుకే ఎవరైనా మానేయగానే ‘ఫైండ్’ కమాండ్‌కు ‘హైఫన్ నోయూజర్’ అనే షరతు పెట్టి దిక్కులేని ఫైళ్లను వెతకాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క చెప్పినా మీ వైపు చూసే చూపు మారుతుంది.

బంగారు అంగడి లెక్క

ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడి ఊహించుకోండి. ఓనరు, లోపల పనిచేసే గుమస్తాలు, మెట్లెక్కి వచ్చే జనం. ఫైలుకైనా ఇవే మూడు వర్గాలు: యజమాని, గ్రూపు, మిగతావాళ్లు. ఒక్కో వర్గానికి మూడు హక్కులు: చదవడం, రాయడం, నడపడం. వీటికి ఆర్, డబ్ల్యూ, ఎక్స్ అని గుర్తులు. 4, 2, 1 అని విలువలు. 640 అంటే యజమానికి చదవడం, రాయడం (4+2), గ్రూపుకు చదవడం మాత్రమే, బయటివాళ్లకు ఏమీ లేదు. 755 అంటే యజమానికి అన్నీ, మిగతా ఇద్దరికీ చదవడం, నడపడం.

ఇంతవరకు అందరికీ వచ్చు. తర్వాత అడిగేది ఇది: ‘ఫైలు పర్మిషన్ 077 అని ఉంది. యజమాని దాన్ని చదవగలడా?’

చదవలేడు. ఊరందరికీ హక్కుంది, ఓనరుకు లేదు. ఎందుకంటే కెర్నల్ మూడు వర్గాలనూ కలిపి చూడదు. వచ్చింది యజమానా? అయితే యజమాని గడి మాత్రమే చూస్తుంది, అక్కడితో తీర్పు అయిపోయింది. యజమాని కాకపోతే గ్రూపు సభ్యుడా అని చూస్తుంది. అదీ కాకపోతేనే మూడో గడి. ‘బయటివాళ్లకు ఉంది కాబట్టి నాకూ ఉంటుంది’ అనే లెక్క ఇక్కడ చెల్లదు. అయితే ఆ ఫైలు తనదే కాబట్టి హక్కులు మార్చుకునే అధికారం యజమానికి ఎప్పుడూ ఉంటుంది. సీహెచ్‌మాడ్ చేసుకుని మళ్లీ చదువుకోవచ్చు.

డైరెక్టరీ దగ్గర ఇంకా ఎక్కువమంది తడబడతారు. అక్కడ ఆర్ అంటే లోపల ఏయే పేర్లున్నాయో చూడటం. ఎక్స్ అంటే దాన్ని దాటుకుని లోపలికి వెళ్లడం. డబ్ల్యూ అంటే (ఎక్స్ కూడా ఉంటే) అందులో కొత్త పేర్లు చేర్చడం, ఉన్నవి తీసేయడం. అంటే ఒక ఫైలును డిలీట్ చేయొచ్చా లేదా అన్నది ఆ ఫైలు పర్మిషన్ మీద ఆధారపడదు, అది ఉన్న డైరెక్టరీ పర్మిషన్ మీద ఆధారపడుతుంది. మీ సొంత డైరెక్టరీలో రూట్ ఒక ఫైలు పెట్టి, మీరు చదవడానికి కూడా వీల్లేకుండా చేసినా, మీరు దాన్ని చెరిపేయగలరు. మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాదు, చేసి చూడండి. మరి అందరూ రాసుకునే టెంప్ డైరెక్టరీలో ఒకరివి ఇంకొకరు చెరిపేయరా? చెరపలేరు, దానికి 1777 అని పెడతారు. ముందున్న ఆ 1 పేరు స్టికీ బిట్. ఎవరి ఫైలు వాళ్లే (లేదా డైరెక్టరీ యజమాని, లేదా రూట్) తీయాలని దాని నియమం.

తోవంతా చూడాలి

ఫైలుకు అన్ని హక్కులూ ఉన్నా లోపలికి పోలేని సందర్భం ఒకటుంది. కడప నుంచి తిరుపతికి టికెట్టు ఉంది, మధ్యలో గేటు మూసి ఉంది. టికెట్టు తప్పు కాదు కదా.

దీనికి మంచి ఉదాహరణ ఉబుంటు. 21.04 వెర్షన్ నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీకి 750 పెట్టడం మొదలైంది. అంతకుముందు 755 ఉండేది. ఫైనలియర్ ప్రాజెక్టు వెబ్‌సైట్‌ను తన హోమ్‌లోనే పెట్టుకుని, ఎన్జిన్ఎక్స్‌కు ఆ దారి చూపించే విద్యార్థికి ఇప్పుడు 403 ఫర్బిడన్ అని వస్తుంది. యూట్యూబ్‌లో పాత వీడియో చూసి చేస్తే అందులో పనిచేస్తుంది, ఇతని దగ్గర పనిచేయదు. ఇండెక్స్ ఫైలుకు 644 ఉందని పదిసార్లు చూసుకుంటాడు. తప్పు ఫైలులో లేదు. వెబ్ సర్వర్ వేరే యూజర్ పేరుతో నడుస్తుంది, దానికి ఇతని హోమ్ డైరెక్టరీ దాటే ఎక్స్ హక్కు లేదు.

ఇలాంటప్పుడు ‘నేమ్‌ఐ హైఫన్ ఎల్’ అని కొట్టి ఫైలు పూర్తి దారి ఇవ్వండి. మొదటి స్లాష్ నుంచి చివరి ఫైలు దాకా ప్రతి మెట్టుకూ యజమాని, గ్రూపు, హక్కులు వరుసగా చూపిస్తుంది. ఎక్కడ గేటు పడిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇంత పనికొచ్చే కమాండ్ సిలబస్‌లో ఎక్కడా కనపడకపోవడం ఆశ్చర్యమే. పరిష్కారం హోమ్ డైరెక్టరీని బార్లా తెరవడం కాదు. వెబ్‌సైట్‌ను వార్ డైరెక్టరీ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అనే చోటికి మార్చడం.

నలుగురి ప్రాజెక్టు, ఒక్క ఫోల్డర్

ల్యాబ్ సర్వర్లో నలుగురు విద్యార్థులు కలిసి ఒక ప్రాజెక్టు చేస్తున్నారు. అందరూ రాసే ఫోల్డర్ కావాలి. మిగతా క్లాసుకు కనపడకూడదు. ఇది ఇంటర్వ్యూలోనూ వస్తుంది, రెడ్‌హ్యాట్ సర్టిఫికేషన్ పరీక్షకు తయారయ్యేవాళ్లూ పదేపదే చేసే అభ్యాసం.

గ్రూప్‌యాడ్‌తో ఒక గ్రూపు తయారుచేస్తారు. నలుగురినీ యూజర్‌మాడ్ హైఫన్ ఏజీ అని కొట్టి అందులో చేరుస్తారు (జీ మాత్రం పెద్ద అక్షరం). ఇక్కడ చిన్న ఏ మర్చిపోతే పెద్ద నష్టం. ‘దీన్ని చేర్చు’ అనేది కాస్తా ‘ఇదొక్కటే ఉంచు’ అయిపోతుంది. ఆ యూజర్ అదనంగా ఉన్న మిగతా గ్రూపులన్నీ పోతాయి. ఉబుంటులో మీకు మీరే ఇలా చేసుకుంటే సుడో గ్రూపు నుంచీ బయటపడతారు. తర్వాత బాగుచేసుకుందామంటే సుడో ఉండదు.

సరే, చేర్చారు. అయినా ఆ విద్యార్థి ‘నాకింకా రావట్లేదన్నా’ అంటాడు. మీరు ఐడీ కమాండ్‌కు అతని పేరు ఇచ్చి చూస్తే గ్రూపు కనపడుతోంది. అతని టెర్మినల్లో పేరు ఇవ్వకుండా ఉత్తి ఐడీ కొడితే కనపడదు. రెండూ నిజమే. పేరు ఇస్తే అది చిట్టా చూసి చెబుతుంది. ఇవ్వకపోతే ప్రస్తుతం నడుస్తున్న సెషన్ దగ్గరున్న గ్రూపులు చెబుతుంది. ఆ జాబితా లాగిన్ అయినప్పుడు రాసుకున్నది. లాగవుట్ అయి మళ్లీ వస్తే సరిపోతుంది. ఎన్నో టికెట్లు ఈ ఒక్క మాటతో మూసేయొచ్చు.

తర్వాత ఫోల్డర్‌కు 2770 పెడతారు. ముందున్న 2 సెట్‌జీఐడీ. దానివల్ల లోపల పుట్టే ప్రతి కొత్త ఫైలూ రాసినవాళ్ల సొంత గ్రూపుకు కాకుండా ప్రాజెక్టు గ్రూపుకు చెందుతుంది. ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. యూమాస్క్ 022 ఉంటే కొత్త ఫైళ్లు 644తో పుడతాయి, అంటే మిగతా ముగ్గురూ చదవగలరు, రాయలేరు. 002 చేస్తే 664తో పుడతాయి. లేదా ఆ ఫోల్డర్ వరకు సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో డిఫాల్ట్ ఏసీఎల్ పెట్టొచ్చు, యూజర్ల సెట్టింగులు కదిలించాల్సిన పని ఉండదు. రెండో దారే మేలనిపిస్తుంది. నలుగురూ యూమాస్క్ గుర్తుపెట్టుకుంటారని నమ్మడం కష్టం.

పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ కావట్లేదు

రెండో రకం ఫిర్యాదు ఇది. దీనికి 777 కూడా పనికిరాదు కాబట్టి చాలామంది ఫ్రెషర్లు ఇక్కడ నోరు తెరవరు. ‘పాస్‌వర్డ్ రీసెట్ చేస్తా’ అంటారు. చేసినా లాగిన్ కాకపోతే?

ముందు లాగ్ చదవండి. ఉబుంటు, డెబియన్‌లో వార్ కింద లాగ్ డైరెక్టరీలో ఆత్ డాట్ లాగ్. రెడ్‌హ్యాట్ తరహా వాటిలో అక్కడే సెక్యూర్ అనే ఫైలు. కొత్త ఇన్‌స్టలేషన్లలో ఫైలు లేకపోతే జర్నల్‌సీటీఎల్. కారణం సాధారణంగా అక్కడే రాసి ఉంటుంది. యూజర్‌కు చూపించే సందేశం కావాలనే పొడిపొడిగా ఉంటుంది, దొంగకు ఆచూకీ ఇవ్వకూడదు కదా.

తప్పు పాస్‌వర్డ్ చాలాసార్లు కొడితే తాళం పడి ఉండొచ్చు: ఫెయిల్‌లాక్ కమాండ్ చూపిస్తుంది, రీసెట్ కూడా చేస్తుంది. గడువు తీరి ఉండొచ్చు: చేజ్ హైఫన్ ఎల్. షెల్ గడిలో నోలాగిన్ అని ఉండొచ్చు. డిస్క్ నిండిపోయి ఉండొచ్చు, ముఖ్యంగా గ్రాఫికల్ లాగిన్ తెర వచ్చి మళ్లీ వెనక్కే పోతుంటే: డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టండి. లేదా ఎవరో సుడోతో ఏదో నడిపి, ఆ యూజర్ హోమ్‌లోని ఫైళ్లకు రూట్ యజమాని అయిపోయి ఉండొచ్చు.

ఎస్‌ఎస్‌హెచ్ కీతో వచ్చేవాళ్లది ఇంకో కథ. క్లౌడ్‌లో మొదటి సర్వర్ తీసుకుని, డౌన్‌లోడ్ చేసిన కీ ఫైలుతో వెళ్లబోతే ‘నీ కీ ఫైలుకు రక్షణ లేదు’ అంటూ పెద్ద హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది. 644 ఉంటే అంతే. 400 లేదా 600 చేయాలి. సర్వర్ వైపు కూడా డాట్ ఎస్‌ఎస్‌హెచ్ డైరెక్టరీకి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600 పెట్టడం పద్ధతి. హోమ్ డైరెక్టరీలో ఇతరులు రాయగలిగేలా ఉన్నా ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని నమ్మదు. గమనించారా, ఇక్కడ హక్కులు ఎక్కువైతేనే పని ఆగిపోతోంది. 777 కొట్టినవాడికి దొరికే మొదటి దెబ్బ ఇదే.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. స్లాష్ దగ్గర నిలబడి కింద ఉన్నవన్నిటికీ కలిపి 777 కొడితే సుడో కూడా చచ్చిపోతుంది. సుడో ప్రోగ్రామ్‌కు సెట్‌యూఐడీ అనే బిట్ ఉంటుంది. నడిపేది మీరే అయినా యజమాని, అంటే రూట్ అధికారంతో నడుస్తుంది. 777 ఆ బిట్‌ను తుడిచేస్తుంది. ఈ సెట్‌యూఐడీ ఆలోచన డెనిస్ రిచీదే. దానికి 1979లో పేటెంట్ కూడా వచ్చింది. సుడో మాత్రం 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఇంత శక్తి ఉన్నచోట చిన్న లోపమూ ప్రమాదమే. 2021 జనవరిలో క్వాలిస్ సంస్థ సుడోలో ఒక లోపం బయటపెట్టింది. సుడో అనుమతి లేని మామూలు యూజర్ కూడా రూట్ అయిపోగలడని తేలింది. అది దాదాపు పదేళ్లుగా అందులోనే ఉంది, ఎవరూ చూడలేదు.

కరణం దస్త్రం

1984 దాకా మన ఊళ్లలో భూముల లెక్కలు కరణాల చేతిలో ఉండేవి. ఆ ఏడాది జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థను రద్దుచేసింది. ఎవరి పేరిట ఎన్ని ఎకరాలో రాసేది ఆయనే, దస్త్రం ఉండేది ఆయన ఇంట్లోనే. అందరు కరణాలూ తప్పు చేశారని కాదు. కానీ తప్పు జరిగితే ఎవరు, ఎప్పుడు మార్చారో చెప్పే రెండో ఆధారం దొరకడం కష్టం. ఈ మాట మీ అవ్వనో, తాతనో అడగండి, రూట్ అకౌంట్ అంటే ఏమిటో పుస్తకం కన్నా బాగా అర్థమవుతుంది.

నలుగురూ ఒకే రూట్ పాస్‌వర్డ్ పంచుకునే ఆఫీసు కూడా అలాంటిదే. రాత్రి 11 గంటలకు ఎవరో ఒక ఫైలు చెరిపారు. లాగ్‌లో ‘రూట్’ అని ఉంది. ఎవరని అడుగుతారు? ఎవరి అకౌంట్ వాళ్లకిచ్చి, కావాల్సినంత వరకే సుడో ఇస్తే ప్రతి కమాండ్ పక్కనా పేరు పడుతుంది. రేపు మీరు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా చేరినా, బెంగళూరులో ఎల్‌వన్ సపోర్ట్‌లో చేరినా ‘నీ లాగిన్ ఒకసారి ఇవ్వప్పా, పని చేసుకుంటా’ అనేవాళ్లు తప్పక ఎదురవుతారు. లాగ్‌లో పడేది మీ పేరు.

వాడకంలో లేని అకౌంట్ మూయకపోతే ఏమవుతుందో 2021 మేలో ప్రపంచమంతా చూసింది. అమెరికా తూర్పు తీరానికి ఇంధనం చేరవేసే కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దొంగలు వచ్చింది ఎవరూ వాడని, అయినా తెరిచే ఉన్న ఒక వీపీఎన్ అకౌంట్‌తో. ఆ పైపులైను కొన్ని రోజులు ఆగిపోయింది, బంకుల దగ్గర బారులు తీరారు. సంస్థ సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించింది.

అకౌంట్ మూయడంలోనూ ఒక మెలిక ఉంది. పాస్‌వర్డ్ కమాండ్‌కు హైఫన్ ఎల్ ఇస్తే తాళం పడేది పాస్‌వర్డ్‌కే. ఆ యూజర్ ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టుకుని ఉంటే దర్జాగా లోపలికి వస్తాడు. చేజ్ కమాండ్‌కు హైఫన్ పెద్ద ఈ, తర్వాత 0 ఇచ్చి అకౌంట్ గడువే ముగించాలి. ‘రిజైన్ చేసిన ఉద్యోగి అకౌంట్ ఎలా ఆపుతారు?’ అని అడిగితే ఈ తేడా చెప్పండి.

అన్నీ సరిగ్గా ఉన్నా...

హక్కులు, దారి, గ్రూపు అన్నీ చూశారు. ఇంకా పర్మిషన్ డినైడ్. అప్పుడు ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ చూపించే హక్కుల చివర ఏముందో కళ్లు పెట్టి చూడండి. ప్లస్ గుర్తుంటే ఏసీఎల్ ఉంది, గెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో చదవాలి. చుక్క ఉంటే ఎస్‌ఈలైనక్స్ లేబుల్. రెడ్‌హ్యాట్, రాకీ, అల్మాలినక్స్‌లలో హోమ్ నుంచి వెబ్ డైరెక్టరీకి ఎంవీ కమాండ్‌తో తరలించిన ఫైలు పాత లేబుల్‌తోనే వస్తుంది, వెబ్ సర్వర్ చదవలేదు. రిస్టోర్‌కాన్ కొడితే సరి. ఎస్‌ఈలైనక్స్‌నే ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. ఇంటర్వ్యూలో మాత్రం ఆ మాట అనకండి.

రూట్‌కే పర్మిషన్ లేదంటే? ఎల్‌ఎస్ఏటీటీఆర్ కొట్టి ఐ అనే గుర్తుందేమో చూడండి, అది మార్చరాని ఫైలు. నెట్‌వర్క్ మీదుగా వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ డ్రైవ్ అయితే రూట్‌ను అక్కడి సర్వర్ మామూలు అనామకుడిగానే చూస్తుంది. స్క్రిప్టుకు ఎక్స్ హక్కున్నా నడవకపోతే ఆ డిస్క్‌ను నోఎగ్జెక్ పెట్టి మౌంట్ చేశారేమో చూడాలి.

ఏది మార్చే ముందైనా పాత హక్కులు దాచుకోండి. గెట్‌ఎఫ్‌ఏసీఎల్‌కు హైఫన్ పెద్ద ఆర్ ఇచ్చి, వచ్చినదంతా ఒక ఫైల్లో పెట్టుకుంటే, సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌లోని రిస్టోర్ ఆప్షన్‌తో మళ్లీ మునుపటిలా చేయొచ్చు. ఫోల్డర్ మొత్తానికి హక్కులు ఇవ్వాల్సి వస్తే చిన్న ఎక్స్ బదులు పెద్ద ఎక్స్ వాడండి. అది డైరెక్టరీలకూ, ఇప్పటికే నడిచే ఫైళ్లకూ మాత్రమే ఎక్స్ ఇస్తుంది, మామూలు టెక్స్ట్ ఫైళ్లను ప్రోగ్రాములుగా మార్చేయదు.

సాధన ఇలా

విండోస్ 10 లేదా 11 ఉంటే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుని పది నిమిషాల్లో ఉబుంటు తెరుచుకోవచ్చు. కాస్త పాత ల్యాప్‌టాప్ అయినా వర్చువల్‌బాక్స్‌లో డెస్క్‌టాప్ లేని డెబియన్‌నో, రాకీనో పెట్టుకోవడం ఇంకా మంచిది. ఎస్‌ఈలైనక్స్, బూటు మరమ్మతు లాంటివి నేర్చుకోవాలంటే అదే దారి. రెడ్‌హ్యాట్ కూడా వ్యక్తులకు డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉచితంగా ఇస్తోంది. కమాండ్లు ఆటలా నేర్చుకోవాలంటే ఓవర్‌దివైర్ వారి బ్యాండిట్ ఉంది, ఒక్కో మెట్టులో దొరికే పాస్‌వర్డే తర్వాతి మెట్టుకు తాళంచెవి. తెలుగునాట ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ కాలేజీల్లో గ్నూ లైనక్స్ బృందాలను ప్రోత్సహిస్తోంది. మీ కాలేజీలో లేకపోతే నలుగురు కలిసి మొదలుపెట్టుకోవచ్చు.

మైదుకూరు, బద్వేలు, పులివెందుల అని మూడు యూజర్లు తయారుచేయండి. వర్చువల్ మెషీన్‌కు స్నాప్‌షాట్ తీసుకుని ఒక్కోటి చెడగొట్టండి: హోమ్ యజమానిని మార్చండి, షెల్‌ను నోలాగిన్ చేయండి, దారిలో ఒక డైరెక్టరీకి ఎక్స్ తీసేయండి. మీ స్నేహితుడు చెడగొట్టి మీరు బాగుచేస్తే ఇంకా బాగుంటుంది, ఏం చేశాడో మీకు తెలియదు కాబట్టి. ప్రతిసారీ మూడు ముక్కలు రాసుకోండి: ఏం కనిపించింది, కారణం ఏమిటి, ఏం మార్చాను. ఉద్యోగంలో టికెట్ మూసేటప్పుడు రాసేదీ ఇదే. ఇరవై రాసేసరికి ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ దగ్గర ఇరవై సంఘటనలుంటాయి.

సర్టిఫికెట్ కావాలనుకునేవారికి రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ ఉంది. పరీక్ష కోడ్ ఈఎక్స్200. బిట్లు, ఆప్షన్లు ఉండవు. నడుస్తున్న సిస్టమ్ ఇచ్చి పనులు చేయమంటారు. 300కు 210 వస్తే పాస్. లైనక్స్ ఫౌండేషన్ వారి ఎల్‌ఎఫ్‌సీఎస్ కూడా ఇలాంటి ప్రాక్టికలే. ఎల్‌పీఐసీ-1 మాత్రం రెండు రాతపరీక్షలు. డబ్బు తక్కువగా ఉంటే మొదట సాధన, ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్ అనుకున్నా నష్టం లేదు. ప్రభుత్వ రంగంలోనూ లైనక్స్ ఉంది. సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉండగా, రక్షణ శాఖ కంప్యూటర్ల కోసం ఉబుంటు ఆధారంగా మాయా ఓఎస్ తెచ్చినట్టు 2023లో వార్తలొచ్చాయి.

ఇంటర్వ్యూ చివర్లో ఒక్కోసారి ఇదొకటి వదులుతారు: ‘రూట్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. సుడో ఉన్న యూజర్ కూడా లేడు. ఇప్పుడెలా?’ యంత్రం మీ ఎదురుగా ఉంటే దారి ఉంది. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూ ఆపి, కెర్నల్ వరుస చివర ఇనిట్ ఈక్వల్స్ స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్ అని చేరుస్తారు. పాస్‌వర్డ్ అడగకుండానే రూట్ షెల్ వస్తుంది. డిస్క్ చదవడానికి మాత్రమే ఉంటుంది కాబట్టి రాయడానికి వీలుగా మళ్లీ మౌంట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెడతారు. ఎస్‌ఈలైనక్స్ ఉన్న సిస్టమ్ అయితే రీబూట్ చేసేముందు స్లాష్ కింద డాట్ ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలు సృష్టించాలి. ఇది వదిలేస్తే షాడో ఫైలు లేబుల్ చెడి, కొత్త పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ కాదు. ‘మరి ఎవరైనా ఇలా వచ్చేయొచ్చు కదా?’ అని వెంటనే అడుగుతారు. రావచ్చు. అందుకే గ్రబ్‌కు పాస్‌వర్డ్, డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్, సర్వర్ గదికి తాళం.